టీబీ మందులు రాసే ముందు: దూరదేశాల నుంచి వచ్చే ఊపిరితిత్తుల ఫంగస్‌ను పట్టుకోవడం ఎలా

నెలల తరబడి దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన మచ్చ. ఈ నాలుగూ కలిస్తే మా విజయవాడలో ఎవరి నోటైనా ముందు వచ్చే మాట టీబీ. రావాలి కూడా. ప్రపంచంలో టీబీ రోగులు అందరికంటే ఎక్కువగా ఉన్న దేశం మనది. ఛాతీ వైద్యురాలిగా నేనూ మొదట దాన్నే వెతుకుతాను. అయితే తెనాలి, ఏలూరు, ఖమ్మం నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో పిల్లల దగ్గర నెలల తరబడి ఉండి వచ్చిన తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. కొందరు ఉండి వచ్చింది అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్, చాండ్లర్, టెంపీ లాంటి ఎడారి ఊళ్లలో. అక్కడి మట్టిలో ఒక ఫంగస్ ఉంటుంది. దాన్ని పీల్చినవాళ్లకు వచ్చే వ్యాలీ ఫీవర్ అనే జబ్బు ఎక్స్‌రేలో అచ్చం టీబీలాగే కనిపించగలదు.

ఆ ఊళ్లలో ఉండే డాక్టరుకు ఇది రోజూ చూసే జబ్బు. అరిజోనాలో బయట సోకే న్యుమోనియాల్లో 15 నుంచి 30 శాతం దాకా దీనివల్లే అని అంచనా. మన దగ్గర మాత్రం ఎవరైనా అడిగితే తప్ప బయటపడదు. ఎలా అడగాలో, ఏ పరీక్ష ఎప్పుడు పంపాలో, ల్యాబుకు ఏం చెప్పాలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డాక్టర్ల కోసమూ, ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉన్న కుటుంబాల కోసమూ రాస్తున్నాను.

ప్రశ్న సరిగ్గా అడగండి

"ఎక్కడికైనా ప్రయాణం చేశారా?" అని అడిగితే మన పెద్దవాళ్లు చాలామంది లేదనే చెబుతారు. అబద్ధం కాదు. వాళ్ల లెక్కలో ప్రయాణమంటే తిరుపతో, కాశీయో. కూతురి పురుడుకని వెళ్లి ఆరు నెలలు ఉండి రావడం వాళ్లకు ఇంటి పని. అందుకే నేను ఇలా అడుగుతాను: "అమ్మా, ఈ రెండు మూడేళ్లలో మీ ఊళ్లో కాకుండా ఎక్కడెక్కడ నిద్ర చేశారు?" ఈ ప్రశ్నకు సమాధానాలు వాటంతట అవే వస్తాయి. "మా అమ్మాయి దగ్గర చాండ్లర్‌లో ఉన్నానమ్మా, మనవడు పుట్టినప్పుడు."

అమెరికా అన్న జవాబుతో ఆగకండి. న్యూజెర్సీలో ఉండి వచ్చినవాళ్లకు, అరిజోనాలో ఉండి వచ్చినవాళ్లకు అనుమానించాల్సిన జబ్బులు వేరు. ఊరి పేరు కావాలి. పెద్దవాళ్లకు తెలియకపోతే అక్కడికక్కడే కూతురికో కొడుకుకో వాట్సాప్ కాల్ చేయించండి. ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు, అక్కడ ఉండగా జ్వరం వచ్చిందా, మధ్యలో చూడ్డానికి ఎక్కడెక్కడికి వెళ్లారు అన్నీ ఆ కాల్‌లోనే తెలిసిపోతాయి. గ్రాండ్ క్యాన్యన్‌కని కారులో వెళ్లి రెండు రోజులు ఫీనిక్స్‌లో ఆగినా లెక్కే. ఈ ఫంగస్ సోకడానికి నెలలు ఉండనక్కర్లేదు, ఒక్కసారి దుమ్ము పీల్చినా చాలు.

తర్వాత అడగాల్సింది మట్టి గురించి. ఇంటి పక్కన కొత్త ఇళ్లకు పునాదులు తవ్వుతున్నారా? దుమ్ము తుఫాను వచ్చిందా? పెరట్లో మొక్కలు నాటారా? గుహలోకి వెళ్లారా, అక్కడ గబ్బిలాలు ఉన్నాయా? పాత కోళ్ల షెడ్డు శుభ్రం చేశారా? నది ఒడ్డున, కుళ్లిన కలప దగ్గర పని చేశారా? వెంట వెళ్లినవాళ్లలో ఇంకెవరికైనా ఇలాగే వచ్చిందా? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. ఒకే గుహకు వెళ్లిన నలుగురు స్నేహితుల్లో ముగ్గురికి రెండు వారాల్లో జ్వరం, దగ్గు వచ్చాయంటే రోగ నిర్ధారణ సగం అయిపోయినట్టే.

ఆఖరున, ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించేవి: షుగర్, స్టెరాయిడ్లు, కీళ్లవాతానికి ఇచ్చే బయోలాజిక్ ఇంజెక్షన్లు, కిడ్నీ మార్పిడి, హెచ్ఐవీ, గర్భం. వ్యాలీ ఫీవర్ గర్భిణులకు, ముఖ్యంగా చివరి నెలల్లో, తీవ్రంగా రావచ్చు. పురుడుకు వెళ్లిన అమ్మనే కాదు, పురుడు పోసుకున్న అమ్మాయిని గురించీ అడగాలి.

ఏ ఊరికి ఏ ఫంగస్

అరిజోనా దక్షిణ భాగం, కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయ, టెక్సస్ పడమటి వైపు, మెక్సికో, ఇంకా దక్షిణ అమెరికాలో కొన్ని ఎండు ప్రాంతాలు: కాక్సిడియోయిడిస్. దీని జబ్బునే వ్యాలీ ఫీవర్ అంటారు. 1892లో అర్జెంటీనాలో మొదటిసారి దీన్ని వర్ణించారు. మట్టి కదిలితే ఇది గాల్లోకి లేస్తుంది. 1994 జనవరి 17న కాలిఫోర్నియాలో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చినప్పుడు కొండచరియలు విరిగి లేచిన దుమ్ముతో వెంచురా కౌంటీలో 203 మందికి ఈ జబ్బు వచ్చింది, ముగ్గురు చనిపోయారు.

ఒహాయో, మిసిసిపీ నదుల లోయలు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, ఆఫ్రికాలో గుహలు: హిస్టోప్లాస్మా. పక్షుల, గబ్బిలాల రెట్ట కలిసిన మట్టిలో పెరుగుతుంది. 2001లో మెక్సికోలోని అకాపుల్కోకు సెలవులకు వెళ్లిన అమెరికా కాలేజీ విద్యార్థులు ఎంతోమంది ఇళ్లకు తిరిగొచ్చాక దీనితో జబ్బుపడ్డారు. దీనికి విదేశమే అక్కర్లేదు. మన గంగా మైదానంలో, బెంగాల్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ఇది ఉంది. కోల్‌కతాలో పదేళ్లు ఉద్యోగం చేసి రాజమండ్రిలో స్థిరపడిన మనిషికి రెండు వైపులా కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు వాచి, జ్వరం, నీరసం ఉంటే టీబీతో పాటు హిస్టోప్లాస్మాను తప్పక వెతకాలి.

అమెరికా, కెనడాల మధ్య పెద్ద సరస్సుల చుట్టూ, విస్కాన్సిన్, మిన్నెసోటా వైపు: బ్లాస్టోమైసిస్. 2023లో మిషిగన్ రాష్ట్రంలోని ఎస్కనాబాలో ఒక పేపర్ మిల్లు కార్మికుల్లో వందమందికి పైగా దీని బారిన పడ్డారు. థాయ్‌లాండ్ ఉత్తర భాగం, వియత్నాం, దక్షిణ చైనా, మన మణిపూర్: టలరోమైసిస్ మార్నెఫై. ఇది ముఖ్యంగా హెచ్ఐవీ ఉన్నవాళ్లకు వస్తుంది, ముఖం మీద మధ్యలో గుంటపడిన పొక్కులు లేస్తాయి. బ్రెజిల్‌లో మరొకటి ఉంది, పారాకాక్సిడియోయిడిస్; పల్లెల్లో వ్యవసాయం చేసినవాళ్లకు దశాబ్దాల తర్వాత కూడా బయటపడుతుంది.

మన తెలుగువాళ్లలో నేను ఎక్కువగా అనుమానించాల్సి వచ్చేది మొదటిదే కాబట్టి ఇక దాని మీదే ఎక్కువ రాస్తాను.

ఒక కేసు, దగ్గరగా

తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ. అరవై దాటింది, పదిహేనేళ్లుగా షుగర్. చాండ్లర్ శివారులో కొత్తగా కట్టిన కాలనీలో కూతురి ఇల్లు. పక్క ప్లాట్లలో తవ్వకాలు జరుగుతుండగా రోజూ పొద్దున్నే ఆ రోడ్డు మీదే నడిచేది. అక్కడ ఉండగా పది రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. ఫ్లూ అనుకున్నారు, ఇన్సూరెన్సు తక్కువది కావడంతో డాక్టరుకు చూపించలేదు. ఇండియా వచ్చిన కొన్ని నెలలకు దగ్గు మొదలైంది, ఒకసారి కళ్లెలో రక్తం జీర పడింది. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. కళ్లె పరీక్ష నెగెటివ్. టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షా నెగెటివ్. మందులు వాడుతున్నా రెండు నెలలకు మార్పు లేదు, వాంతులు మాత్రం మొదలయ్యాయి.

ఆమె సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగాన, అంచుకు దగ్గరగా ఒక గుల్ల ఉంది. గోడ సన్నగా, లోపల ఖాళీగా, చుట్టూ దాదాపు శుభ్రంగా ఉంది. టీబీ గుల్లకు సాధారణంగా గోడ మందంగా ఉంటుంది, చుట్టుపక్కల చిన్న చిన్న చుక్కలు చెదిరి ఉంటాయి. సన్నగోడ గుల్ల కనిపించినంత మాత్రాన వ్యాలీ ఫీవర్ అని తేల్చలేం, కానీ ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి అడగాలని మాత్రం అది చెబుతుంది. రక్తపరీక్ష కాగితాలు తిరగేస్తే ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా, పన్నెండు శాతం ఉన్నాయి. వాటిని చూసి ఎవరో నులిపురుగుల మాత్ర ఇచ్చారు. మన దగ్గర ఇయోసినోఫిల్స్ పెరగ్గానే చెయ్యి పురుగుల మందు మీదికే పోతుంది. అరిజోనా నుంచి వచ్చిన మనిషిలో అవి పెరిగితే వ్యాలీ ఫీవర్‌కు కూడా అది ఒక ఆధారం.

ఇంకా అడిగితే కూతురు ఫోన్లో చెప్పింది: జ్వరం వచ్చిన రోజుల్లో అమ్మకు మోకాళ్ల కింద, కాలి ముందువైపు ఎర్రగా, ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డలు లేచి వాటంతట అవే పోయాయట. కీళ్లు పట్టేశాయట. ఇది వ్యాలీ ఫీవర్‌లో చాలాకాలంగా తెలిసిన లక్షణం, దానికి ఎడారి వాతం అనే పేరు కూడా ఉంది. టీబీలోనూ ఇలాంటి గడ్డలు వస్తాయి కాబట్టి ఇదొక్కటే చాలదు. ఊరు, షుగర్, సన్నగోడ గుల్ల, ఇయోసినోఫిల్స్, కాళ్ల మీద గడ్డలు, పనిచేయని టీబీ మందులు అన్నీ ఒక చోట చేరినప్పుడు మాత్రం ఫంగస్ పరీక్ష పంపకుండా ఉండకూడదు.

రోజుల లెక్క కూడా తెలిసి ఉండాలి. దుమ్ము పీల్చిన ఒకటి నుంచి మూడు వారాల్లో మొదటి జ్వరం వస్తుంది. హిస్టోప్లాస్మాకు 3 నుంచి 17 రోజులు. బ్లాస్టోమైసిస్‌కు మూడు వారాల నుంచి మూడు నెలలు. కానీ ఇది తాజా జబ్బు లెక్క. గుల్లలు, గడ్డలు నెలలు, ఏళ్ల తర్వాత కనిపించవచ్చు. ఎప్పుడో సోకి అణిగిపోయినది స్టెరాయిడ్లు మొదలుపెట్టాక లేవవచ్చు. "వచ్చి ఏడాదైంది కదా, దానికీ దీనికీ సంబంధం ఏముంది" అనుకోకండి.

టీబీని వదలకుండా ఫంగస్‌ను వెతకడం

ముందు టీబీ పరీక్షలన్నీ సరిగ్గా చేయండి. రెండు కళ్లె నమూనాలు, సీబీనాట్ లేదా అలాంటిదే అయిన ట్రూనాట్, క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్. కళ్లె రాకపోతే ఉప్పునీటి ఆవిరి పట్టించి తీయండి. అప్పటికీ రాకపోతే బ్రాంకోస్కోపీ చేసి ఊపిరితిత్తిని కడిగిన నీళ్లు తీయండి. ఆ నీళ్లను ఒక్క టీబీకే పంపి ఊరుకుంటారు చాలామంది. అదే గొట్టం నుంచి ఫంగస్ స్టెయిన్, ఫంగస్ కల్చర్‌కు కూడా పంపాలి. ఒకే మనిషిలో టీబీ, ఫంగస్ రెండూ ఉండవచ్చు. మన దగ్గరి పాత టీబీ గుల్లల్లో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ చేరడం చాలా మామూలు, దాని యాంటీబాడీ పరీక్ష కూడా చేయించండి.

ఈలోగా రెండు పనులు చేయకండి. ఒకటి, జ్వరం తగ్గుతుందేమో చూద్దామని లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకండి, అది టీబీని కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది. రెండు, ఛాతీ మధ్యలో గ్రంథులు వాచి ఉన్నాయని సార్కాయిడ్ (క్రిమి వల్ల కాకుండా గ్రంథులు వాచే జబ్బు) అనే అనుమానంతో స్టెరాయిడ్లు మొదలుపెట్టకండి. హిస్టోప్లాస్మా కూడా అలాగే కనిపిస్తుంది, స్టెరాయిడ్ పడితే ఒళ్లంతా పాకుతుంది. ఈ రెండో పొరపాటు వల్ల ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

వ్యాలీ ఫీవర్‌కు ప్రధానమైన పరీక్ష రక్తంలో యాంటీబాడీలు. ముందు ఎలైజా, పాజిటివ్ వస్తే ఇమ్యునోడిఫ్యూజన్‌తో ధ్రువీకరణ, ఆ పైన కాంప్లిమెంట్ ఫిక్సేషన్‌తో ఎంత ఉందో కొలత. ఆ కొలత 1:16, అంతకంటే ఎక్కువ ఉంటే ఊపిరితిత్తి దాటి పాకిందేమో చూడాలి. జబ్బు మొదలైన తొలి వారాల్లో నెగెటివ్ రావచ్చు, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ పంపాలి. షుగర్ కంటే లోతుగా నిరోధకశక్తి పడిపోయినవాళ్లలో, మార్పిడి రోగుల్లో, ఎప్పటికీ నెగెటివ్‌గానే ఉండవచ్చు. మన జిల్లా ల్యాబుల్లో ఈ పరీక్ష దొరకదు. చండీగఢ్‌లోని పీజీఐఎంఈఆర్ మైక్రోబయాలజీ విభాగం ఫంగస్‌ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం. మీ మైక్రోబయాలజిస్టు ద్వారా వాళ్లను సంప్రదించి, నమూనా ఎలా పంపాలో కనుక్కుని పంపండి.

హిస్టోప్లాస్మాకు మూత్రంలో యాంటిజెన్ పరీక్ష బాగా ఉపయోగపడుతుంది, బ్లాస్టోమైసిస్‌లో కూడా అది పాజిటివ్ రావచ్చు. గాలక్టోమానన్ అనే ఫంగస్ పరీక్ష పాజిటివ్ వస్తే అందరూ ఆస్పర్‌జిల్లస్ అని రాసేస్తారు. హిస్టోప్లాస్మా, టలరోమైసిస్‌లలో కూడా అది పాజిటివ్ అవుతుంది. బీటా డి గ్లూకాన్ అనే రక్తపరీక్ష ఫంగస్ ఉందేమో అని మాత్రమే చెబుతుంది, ఏ ఫంగసో చెప్పదు.

ల్యాబుకు ముందే చెప్పండి

ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, ప్రాణాల విషయం. కాక్సిడియోయిడిస్ ఒక మనిషి నుంచి మరో మనిషికి దగ్గుతో అంటదు. కానీ అదే ఫంగస్ ల్యాబులో ప్లేటు మీద పెరిగితే బూజుగా మారి, మూత తీయగానే గాల్లోకి లేచే గింజల్లాంటి కణాలు విడుస్తుంది. మామూలు బ్యాక్టీరియా ప్లేటు మీద కూడా వారం లోపే పెరిగిపోతుంది. ఏదో తెల్ల బూజు పట్టిందని మూత తీసి చూసిన టెక్నీషియన్‌కు అది సోకుతుంది. అందుకే రిక్వెస్టు ఫారం మీద పెద్ద అక్షరాలతో రాయండి: "అరిజోనా ప్రయాణం. కాక్సిడియోయిడిస్ అనుమానం. బయోసేఫ్టీ క్యాబినెట్ బయట మూత తీయవద్దు." రాసి ఊరుకోకుండా ఫోన్ చేసి చెప్పండి. ఫారం చదవకుండా ట్రేలో పెట్టేసేవాళ్లు ఉంటారు. హిస్టోప్లాస్మా, బ్లాస్టోమైసిస్ కల్చర్లకూ ఇదే జాగ్రత్త కావాలి. హిస్టోప్లాస్మా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు, మధ్యలో పారేయవద్దని కూడా చెప్పండి.

బయాప్సీ చేస్తే పాథాలజిస్టుకూ ఊరి పేరు చెప్పాలి. కాక్సిడియోయిడిస్ కణజాలంలో మందమైన గోడ ఉన్న గుండ్రటి సంచిలా ఉంటుంది, లోపల సన్నటి గింజలు కిక్కిరిసి ఉంటాయి. ఇది మన దక్షిణాది పాథాలజిస్టులకు ముక్కులో వచ్చే రైనోస్పోరిడియంను గుర్తుచేస్తుంది. రైనోస్పోరిడియం సంచులు చాలా పెద్దవి, అది ఊపిరితిత్తిలో దాదాపు రాదు. హిస్టోప్లాస్మా, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాల లోపల 2 నుంచి 4 మైక్రాన్ల చుక్కల్లా ఉంటుంది, ఒక చివర సన్నని మొగ్గ తొడుగుతుంది. అదే పరిమాణంలో ఉండి మొగ్గ తొడగకుండా మధ్యలో అడ్డగీత పడితే టలరోమైసిస్. వెడల్పాటి మెడతో మొగ్గ తొడిగే పెద్ద కణం బ్లాస్టోమైసిస్. గ్రాన్యులోమా (రోగనిరోధక కణాలు గుంపుకట్టిన ముద్ద) కనిపించగానే టీబీ అని రిపోర్టు ఇచ్చేయకుండా, ఫంగస్‌ను చూపించే పీఏఎస్, సిల్వర్ స్టెయిన్లు కూడా వేయమని అడగండి.

నిర్ధారణ అయ్యాక తలనొప్పి వదలకుండా ఉందా, వెన్నెముకలో నొప్పి ఉందా, చర్మం మీద పుండ్లు ఉన్నాయా చూడాలి. తలనొప్పి ఉంటే వెన్నులో నీరు తీసి పరీక్షించాలి. మెదడు పొరలకు పాకితే మందులు జీవితాంతం వాడాల్సి వస్తుంది, అందుకే ఆ ఒక్క ప్రశ్న ప్రతిసారీ అడుగుతాను.

మందుల దగ్గర ఒక చిక్కు

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో తొలి జబ్బు చాలావరకు మందు లేకుండానే తగ్గిపోతుంది. సోకినవాళ్లలో దాదాపు 60 శాతం మందికి లక్షణాలే రావు, వచ్చినా స్వల్పంగా ఉంటాయి. షుగర్‌తో పాటు బాధపెట్టే గుల్ల ఉన్నవాళ్లకు మాత్రం ఫ్లూకొనజోల్ లాంటి మందు కనీసం ఏడాది పాటు ఇస్తాం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఈ మందుల బలాన్ని తగ్గించేస్తుంది, ఇట్రాకొనజోల్‌నైతే దాదాపు పనికిరాకుండా చేస్తుంది. రిఫాంపిసిన్ ఆపాక కూడా ఆ ప్రభావం రెండు వారాల దాకా ఉంటుంది. "ఎందుకైనా మంచిది, రెండూ వాడదాం" అనే పద్ధతి ఇక్కడ పనిచేయదు. టీబీ ఉందో లేదో తేల్చుకోవాల్సిందే. పేషెంట్లకు ఒక మాట: ఇది చదివి టీబీ మందులు మీ అంతట మీరు ఆపకండి. మీ డాక్టరుకు ఊరి పేరు చెప్పి, ఈ పరీక్షలు చేయించారా అని అడగండి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

పాత ఎక్స్‌రేలు వెతికి తీసుకురండి. వీసా కోసమో, కంటి ఆపరేషన్ కోసమో వెళ్లేముందు తీసిన ఫిల్ము శుభ్రంగా ఉంటే, మచ్చ ప్రయాణం తర్వాత వచ్చిందని తేలిపోతుంది. అక్కడ ఎమర్జెన్సీకి వెళ్లి ఉంటే ఆ కాగితాలు పిల్లలు ఆన్‌లైన్‌లో దించి పంపగలరు, ఒక్కోసారి వ్యాలీ ఫీవర్ పరీక్ష అక్కడే చేసి రిపోర్టు ఎవరూ చూడకుండా వదిలేసి ఉంటారు. టీబీ కాదని తేలి, ఫంగస్ అని నిర్ధారణ అయితే కంచం, గ్లాసు వేరు పెట్టక్కర్లేదు, మనవడిని ఎత్తుకోనివ్వకుండా ఆపక్కర్లేదు. తెనాలి అమ్మకు అన్నిటికంటే బాధ కలిగించింది వీడియో కాల్‌లో తప్ప మనవడిని చూడకూడదేమో అన్న టెన్షనే. ఆమె యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చింది, టీబీ కల్చర్ నెగెటివ్‌గానే ముగిసింది, మందు మారింది. షుగర్ అదుపులోకి తేవడానికి మాత్రం ఎక్కువ రోజులే పట్టింది.

తర్వాత నెలకో, మూడు నెలలకో ఒకసారి ఎక్స్‌రే, యాంటీబాడీ కొలత చూసుకుంటూ వెళ్లాలి. మందు ఆపాక కూడా ఏడాది రెండేళ్లు గమనిస్తాం. మళ్లీ అరిజోనా వెళ్లవచ్చా అని ప్రతి కుటుంబమూ అడుగుతుంది. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు సాధారణంగా దాని మీద నిరోధకశక్తి మిగిలిపోతుంది, రెండోసారి కొత్తగా సోకడం అరుదు. వెళ్లవచ్చు. కానీ ఎప్పుడైనా స్టెరాయిడ్లు, బయోలాజిక్ ఇంజెక్షన్లు, మార్పిడి ఆపరేషన్ అవసరమైతే, ఆ డాక్టరు ఏ దేశంలో ఉన్నా సరే, ఈ జబ్బు వచ్చిందన్న సంగతి ముందే చెప్పాలి. అందుకే డిశ్చార్జి కాగితంలో మొదటి పంక్తిలోనే దాని పేరు రాసిస్తాను.